లైట్‌హౌస్‌లో ఐసు గది

4 ఫిబ్రవరి 2025, మంగళవారం

ఉంది. ఐసు గది ఉంది. ఓరి దేవుడా, ఉంది.

5 ఫిబ్రవరి, బుధవారం

స్కూలుకి సెలవు పెట్టాను. తలనొప్పి అని మెసేజ్ పెడితే హెచ్చెం గారు ఏమీ అనలేదు, సరేనమ్మా అన్నారు.

నిన్న రాసిన ముక్క పిచ్చిదాని రాతలా ఉంది. లెక్కల టీచర్ని నేను. ముందు ఇచ్చినదేమిటో రాయండర్రా, ఆ తరవాతే కనుక్కోవలసింది అని రోజూ పిల్లల నెత్తిన మొట్టి మరీ చెబుతాను. నా మటుకు నేనూ అలాగే వరసగా రాసుకుంటే తప్ప ఈ బుర్ర దారికి రాదు.

మా అన్నయ్య సాలమోను కూతురు సుస్మితకి ఈ నెల ఇరవయ్యారున పెళ్లి. మా మందిరంలోనే. పెళ్లికొడుకు వాళ్లదీ మా సంఘమే. అక్కడే వచ్చింది చిక్కు. అన్నయ్యని 1995లో సంఘం ప్రభువు బల్ల దగ్గర ఆపేసింది. ఆదివారం ఆరాధనలో రొట్టె పళ్లెం వచ్చినప్పుడు అందరూ తుంచుకుంటారు, తను ముట్టుకోకూడదు. అలా ఆగిపోయినవాళ్లు అందరి ముందూ లేచి, ఫలానా తప్పు చేశానని ఒప్పుకునేదాకా మా దగ్గర అంతే, వాళ్లింటి పెళ్లి కూడా మందిరంలో చెయ్యరు. అన్నయ్య ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్లు ఒప్పుకోలేదు. తన పెళ్లి రిజిస్టరాఫీసులో చేసుకున్నాడు గానీ ఒప్పుకోలేదు. ఇప్పుడు కూతురి కోసం ఒప్పుకుంటానన్నాడు. పదహారో తారీకు ఆదివారం అని సంఘ పెద్ద ఎబినేజర్ గారు ఖాయం చేశారు.

ఏమిటా తప్పు? 1995 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం సాయంత్రం నాలుగింటికి, కాలవగట్టు మీద కూరగాయల గంపతో వస్తున్న ముత్యాలు అనే ముసలావిడని ఎవరో స్కూటరుతో గుద్ది ఆగకుండా పోయారు. తుంటి విరిగింది. పోయేదాకా కర్ర పట్టుకునే నడిచింది పాపం. నీలం బండి, హెడ్మాస్టారి బండిలాంటిదే అని చెప్పింది. హెడ్మాస్టారంటే మా నాన్నగారు, కనకరత్నం మాస్టారు. ఆయన బడికి నడిచే వెళ్లేవారు, బండి ఇంటి దగ్గరే ఉండేది. దాని తాళాలు చెప్పకుండా తీసే అలవాటు అన్నయ్యకి ఉంది. పదహారేళ్ల వెధవ. పైగా ఆ మధ్యాహ్నం బడి ఎగ్గొట్టాడు.

నేను కాదు, బస్సెక్కి అమలాపురం వెళ్లాను, వీడియో గేమ్ షాపులో ఉన్నాను అన్నాడు. చూసినవాళ్లెవరూ లేరు. ఆ షాపుని మర్నాడే పోలీసులు మూయించారు, షాపతను ఏ ఊరివాడో మళ్లీ కనపడలేదు. అన్నయ్య దగ్గర మిగిలిన రుజువు ఒక్కటే.

"లైట్‌హౌస్ ఆటలో ఐసు గది చూసేనండి నాన్నగారూ. ఇవాళే చూసేను. ఇంతవరకూ ఎవ్వరూ చూడలేదది" అన్నాడు, గుమ్మంలో నిలబడి. ఐసు గది అనే మాట నేను వినడం అదే మొదలు.

నాన్నగారు నన్ను పిలిచారు. ఎందుకంటే అదే ఆట మా ఇంట్లోనూ ఉంది. కువైట్ నుంచి మామయ్య తెచ్చిన వీడియో గేమ్‌ని టీవీకి తగిలించుకుని ఆడేదాన్ని. లాంతరు పట్టుకున్న మనిషి పీతల్నీ పక్షుల్నీ తప్పించుకుంటూ, మెట్లూ తాళ్లూ ఎక్కి, లైట్‌హౌస్ పైకి పోయి దీపం వెలిగించాలి. అదీ ఆట.

"ఏమ్మా శారోనూ, అందులో ఐసు గది ఉందా?"

"లేదండి. మూడే అంతస్తులు. మూడోదయ్యేక దీపం వెలుగుద్ది. మళ్లీ మొదటికొచ్చేస్తుంది."

"గట్టిగా తెలుసా?"

"ఆయ్. చాలాసార్లు గెలిచేనండి."

పదమూడేళ్లు నాకు. బైబిలు వచనాల పోటీలో ఎప్పుడూ ఫస్టు. అబద్ధం ఆడని పిల్లని ఊళ్లో పేరు. నాకు తెలిసిందే చెప్పాను.

ఇక నిన్న సంగతి. సుస్మిత వాళ్ల నాయనమ్మ ఫొటో అడిగితే ట్రంకుపెట్టె దించాం. అడుగున ఆ వీడియో గేమ్ ఉంది. మా ఆయన జయప్రకాష్‌కి ఇలాంటి చెత్త దొరికితే పండగే. తుడిచి, వైర్లు మార్చి, ఏవేవో కెలికి, పని చేయకపోయేసరికి ఫోన్లో వెతకడం మొదలుపెట్టారు. అందులో ఒకాయన షాపుల్లో మిషను మీద ఆడిన ఆటలనీ, ఇళ్లల్లో టీవీకి పెట్టుకున్న ఆటలనీ పక్కపక్కన పెట్టి తేడాలు చెబుతున్నాడు. మా లైట్‌హౌస్ కూడా ఉంది. ఎడమ పక్క షాపుది, కుడి పక్క ఇంటిది.

"షాపు మిషన్లో తెర నిలువుగా ఉండేదండీ. మన టీవీ అడ్డం. అందుకని ఇంటి ఆటలో లైట్‌హౌస్‌ని పొట్టి చేసేశారు. క్యాసెట్లో జాగా చాలక ఒక గదికి గది తీసేశారు. ఇంట్లో ఆడినవాళ్లకి అసలు ఇలాంటిది ఒకటుందనే తెలీదు" అన్నాడాయన.

ఎడమ పక్క తెర మీద తెల్లగా ఐసు గది వచ్చింది. కుడి పక్క నల్లగా ఏమీ లేదు.

కాఫీ గ్లాసు చేతిలోంచి జారిపోయింది. జయప్రకాష్ గారు తుడుస్తూ, "ఏంటే, అంతలా అదిరిపోయేవు? ఆటేగా" అన్నారు.

6 ఫిబ్రవరి, గురువారం

ఆ వీడియో పదకొండుసార్లు చూశాను. తేడాలు రాసుకున్నాను.

షాపు ఆటలో లాంతరు మనిషి ముందు పడవలో వస్తాడు, ఒడ్డున దిగి లైట్‌హౌస్ వైపు తలెత్తి చూస్తాడు. ఇంటి ఆటలో అదేం లేదు, మీట నొక్కగానే మెట్ల ముందు నిలబడి ఉంటాడు. షాపులో మొదటి అంతస్తుకి ఆరు మలుపులు, ఇంట్లో అయిదు. పీతలు అక్కడ నాలుగు, ఇక్కడ మూడు. అక్కడ పక్షులు గుడ్లు కూడా విడుస్తాయి. నేను చూసిన పక్షులు ఊరికే ఎగిరేవి. అక్కడ సముద్రం హోరు వినిపిస్తుంది, మనకి ట్రింగు ట్రింగుమని ఒకటే గోల. అక్కడ నిలువెత్తు నుంచి పడితే ప్రాణం పోయినట్టే. ఇంటి ఆటలో ఎంత పైనుంచి పడ్డా మనిషి లేచి దులుపుకుని పోతాడు. చాలాసార్లు గెలిచానని అన్నాను కదా, గెలవక చస్తానా, పిల్లలాట చేసి ఇచ్చారు నాకు.

ఐసు గది షాపులో కూడా ఊరికే రాదట. ఒకసారి పైదాకా ఎక్కి దీపం వెలిగించి, ఆట రెండోసారి మొదలయ్యాక, రెండో అంతస్తు దాటితేనే వస్తుంది. మామూలు ఆటగాళ్లు మొదటి దీపం దాకానే పోలేరు. అందుకే అప్పట్లో పెద్దలు ఆ షాపుకెళ్లే అమలాపురం కుర్రాళ్లని అడిగితే, ఆ గది ఎవరూ చూడలేదన్నారు. వాళ్లూ నిజమే చెప్పారు.

ఆ షాపు మొహం నేనెప్పుడూ చూడలేదు. గుమ్మానికి నల్లగుడ్డ వేలాడదీసి ఉండేది. ఆడపిల్లలు దాని ముందు నుంచి నడవడానికే సిగ్గుపడాలి. చూడని ఆట గురించి చూసినట్టు సాక్ష్యం చెప్పిన మొనగత్తెని నేనే.

ఇదంతా ఎందుకు రాస్తున్నాను? అవతల ఒక మనిషి చెయ్యని తప్పు నెత్తినేసుకోబోతుంటే నేను పీతల్ని లెక్కపెడుతున్నాను.

పదమూడేళ్ల పిల్ల. ఇంట్లో ఉన్నది మూడంతస్తుల ఆట. నాకు తెలిసిందే చెప్పాను.

8 ఫిబ్రవరి, శనివారం

నాకు తెలిసిందే చెప్పాను. నా స్థానంలో ఎవరున్నా అంతే చెబుతారు.

9 ఫిబ్రవరి, ఆదివారం

ఒప్పుకోలుకి ముందు ఒక ఆదివారమైనా వచ్చి కూర్చోవాలని పెద్దలు చెప్పారట. అన్నయ్య వచ్చాడు. మగవాళ్ల వైపు ఆఖరి బల్ల మీద కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, గోళ్లలో ఇంజను మసి పోలేదు. దిండిలో హౌస్‌బోటు ఇంజను చూస్తాడు కదా.

పళ్లెం వచ్చింది. అన్నయ్య పక్కాయన అన్నయ్యని దాటించి ఇవతలివాళ్లకి అందించాడు. అన్నయ్య చేతులు తొడల మీద పెట్టుకుని కిందకి చూస్తున్నాడు. నలభై ఆరేళ్ల మనిషి, గుంజీలు తీసి అలిసిపోయిన పిల్లాడిలా ఉన్నాడు.

నా దగ్గరికి వచ్చింది. నేను తుంచుకున్నాను. నోట్లో పెట్టుకున్నాను కూడా. నా సిగ్గు చిమడా.

11 ఫిబ్రవరి, మంగళవారం

షాపు ఆట యథాతథంగా లాప్‌టాప్‌లో ఆడుకునే మార్గం ఉందని జయప్రకాష్ గారు శుక్రవారమే పెట్టిచ్చారు. అప్పట్నుంచీ పొద్దున్నే బాక్సులు సర్దేసి, స్కూలు బస్సు వచ్చేలోపు ఆడుతున్నాను. ఎన్నిసార్లు చచ్చానో లెక్క లేదు. గుడ్లు, పీతలు, తెగిపోయే తాళ్లు. ఈయన టిఫిన్ తింటూ వెనక నిలబడి "దూకు, దూకు, అయ్యో, దూకమంటే" అని ప్రాణం తీస్తారు. మీరు నోర్మూసుకోండి అని అరిచాను. అరవకుండా ఉండాల్సింది.

ఇవాళ చేరాను. దీపం వెలిగింది, మళ్లీ కింద నుంచి ఎక్కాను, రెండో అంతస్తు దాటాను, తెర తెల్లబడింది. ఒకదాని మీద ఒకటి నాలుగు బెల్టులు. వాటి మీద ఐసు పెట్టెలు జరుగుతూ ఉంటాయి. అన్నీ కుడికి పోతుంటాయి, కింద నుంచి మూడోది మాత్రం ఎడమకి పోతుంది. అన్నయ్య గీసినట్టే.

గీసినట్టే అని రాశాను.

కొట్టేద్దామని పెన్ను పెట్టి ఆపాను. ఉండనీ.

13 ఫిబ్రవరి, గురువారం

ఇవాళ సాయంత్రం నాన్నగారికి చెప్పాను.

నాన్నగారు మా దగ్గరే ఉంటారు. ఎనభై రెండేళ్లొచ్చినా ఇప్పటికీ మందిరంలో పెద్దల కుర్చీ ఆయనదే. సొంత కొడుకునే బల్ల దగ్గర ఆపిన పెద్ద అని పేరు. అప్పట్నుంచీ ఆయనకీ అన్నయ్యకీ మాటల్లేవు. లాప్‌టాప్ ఆయన ముందు పెట్టి ఐసు గది చూపించాను. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. బెల్టులు తిరుగుతూనే ఉన్నాయి.

"ఇదేనా అప్పుడు వాడు చెప్పింది?"

"ఆయ్. ఇదేనండి. షాపు దాంట్లో ఉంది. మనింట్లో దాంట్లో తీసేసేరు. నాకు తెలీలేదు."

"అయితే ఉందన్నమాట."

"ఉందండి నాన్నగారూ. అన్నయ్య అబద్ధం ఆడలేదండి."

ఆయన లాప్‌టాప్ మూత నెమ్మదిగా మూసేశారు.

"ఉంటే ఉందమ్మా. ఉండడం వేరు, ఆ రోజే చూసేడనడం వేరు. అంతకుముందు ఎప్పుడో చూసుండొచ్చు. చూసింది గుర్తుపెట్టుకుని, పట్టుబడ్డప్పుడు వాడుకునుండొచ్చు. అవునా కాదా?"

లెక్కల టీచర్ని నేను. జవాబు చెప్పలేకపోయాను.

"వాడు ఒప్పుకుంటానన్నాడు. పిల్ల పెళ్లి జరుగుద్ది. ముప్పై ఏళ్లకి సర్దుకుంటోంది. నువ్వు కదపకు. ఇప్పుడది పొరపాటంటే, ముప్పై ఏళ్లూ నేను చేసిందేంటమ్మా?" అని, నా మొహం చూసి మళ్లీ ఆయనే, "నీ తప్పేం లేదు. చిన్నపిల్లవి. నీకు తెలిసిందే చెప్పేవు" అన్నారు.

నా మాట నాన్నగారి నోట వింటే చెంప మీద కొట్టినట్టయింది.

14 ఫిబ్రవరి, శుక్రవారం

నాకు తెలిసిందే చెప్పాను అని ఇందులో ఎన్నిసార్లు రాశానో వెనక్కి తిప్పి చూశాను. మూడుసార్లు. ఐసు గది అనే మాట వినడం అదే మొదలు అని కూడా రాశాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధమే రాసుకున్నాను. ఎవర్ని మోసం చేద్దామని? 

ఇది నిజం. ఒక్కసారే రాస్తాను.

ఆ శుక్రవారం సాయంత్రం అయిదున్నరకి నేను వీధరుగు మీద కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాను. అన్నయ్య బస్సు దిగి పరిగెత్తుకుంటూ వచ్చాడు. చెప్పులు చేత్తో పట్టుకున్నాడు. చొక్కా గుండీలు ఊడిపోయి, మొహం వెలిగిపోతోంది.

"శారోనూ! చూసేనే! రెండోసారి ఎక్కితే లోపల ఐసు గదుందే! ఎవ్వరికీ తెలీదే బాబూ, షాపాయన కూడా చూడలేదంటన్నాడు!"

నా పుస్తకం లాక్కుని వెనక పేజీలో గీశాడు. ఆవు బొమ్మ గీయమంటే కుర్చీ గీసే మనిషి, నాలుగు బెల్టులూ చక్కగా గీశాడు. బాణం గుర్తులు పెట్టాడు. మూడోదానికి ఎడమ వైపు బాణం పెట్టి, "ఇదే దొంగది, ఇదే అందర్నీ పడేస్తుంది" అన్నాడు. 

అప్పటికి ముత్యాలు సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఏడింటికి ఆవిడ కొడుకు వచ్చి చెప్పేదాకా తెలియదు. నాలుగింటికి ముసలావిడని గుద్దేసి వచ్చినవాడు అయిదున్నరకి అలా ఎగురుకుంటూ వస్తాడా? తప్పించుకోవడానికి అల్లిన కథయితే, తప్పు బయటపడకముందే ఎందుకు చెబుతాడు? నాన్నగారి ప్రశ్నకి నిన్న నేను చెప్పలేకపోయిన జవాబు ఇదే. నా దగ్గరే ఉంది. ముప్పై ఏళ్లుగా నా దగ్గరే ఉంది.

"నన్నెప్పుడు తీసుకెళ్తావు?" అని అడిగాను.

"ఆడపిల్లలు రాకూడదెహె. నీకు ఇంట్లో ఉంది కదా, అదాడుకో" అన్నాడు, నవ్వుతూ. 

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఆటలో మొనగత్తెని నేను. నేను గెలిచినన్నిసార్లు వాడు గెలవలేదు. వాడు బడి ఎగ్గొట్టి, బస్సెక్కి, నల్లగుడ్డ ఎత్తుకుని లోపలికి పోయి, నాకు లేని గది చూసి వచ్చాడు. నేను బుద్ధిగా ఇంట్లో కూర్చున్నందుకు నాకు ఇచ్చింది మూడే. అసూయ అని మర్యాద మాట రాయను. కుళ్లు. పచ్చి కుళ్లు.

ఏడింటికి నాన్నగారు అడిగినప్పుడు అన్నయ్య నా వైపు చూశాడు. భయంగా కాదు. చెప్పవే అన్నట్టు చూశాడు. నేను మూడే అన్నాను. రెండు దెబ్బలు పడతాయి, ఆ అమలాపురం తిరుగుళ్లు మానతాడు అనుకున్నాను. ఇంకేమీ అనుకోలేదు. సంఘం దాకా పోతుందని అనుకోలేదు.

పుస్తకంలో ఆ పేజీ చింపింది నేనే. పొయ్యిలో పెట్టింది నేనే.

15 ఫిబ్రవరి, శనివారం

ఒంటిపూట సెలవు పెట్టి ఆటోలో దిండి వెళ్లాను. రేవులో హౌస్‌బోటు మీదకి టూరిస్టులు ఎక్కుతున్నారు, పాటలు పెట్టి ఒకటే హడావుడి. అన్నయ్య వెనక ఇంజను గదిలోంచి తల బయటపెట్టాడు. నన్ను చూసి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏంటే, స్కూలు ఎగ్గొట్టేవా?" అన్నాడు.

వచ్చే దారిలో కూడబలుక్కున్నవన్నీ పోయాయి.

"అన్నయ్యా, ఆ రోజు నువ్వు ముందే చెప్పేవు నాతో. బొమ్మ గీసేవు. నాకు తెలుసు. తెలిసే..."

"తెలుసు కదే" అన్నాడు.

"ఏంటి తెలుసు?"

"నీకు తెలుసని నాకు తెలీదా? గీసి చూపించిందే నీకు."

నా బుర్రకి ఇది ఒక్కరోజు కూడా తట్టలేదు. ఇన్నేళ్లూ వాడు నన్ను తెలియక చెప్పిన పిల్లగానే చూస్తున్నాడనుకున్నాను. పండక్కి ఇంటికి పిలిచి కొబ్బరి లౌజు పెట్టినప్పుడు, నా పిల్లలకి పేర్లు పెట్టినప్పుడు, అమ్మ పోయినప్పుడు నా తల మీద చెయ్యి వేసినప్పుడు, అన్నిసార్లూ వాడికి తెలుసు.

"మరి నాన్నగారితో ఎందుకు చెప్పలేదు? శారోన్‌కి ముందే చూపించేనని ఒక్క మాట అంటే అయిపోను కదా!"

"అందామనే నోరు తెరిచేను. ఈలోగా నువ్వు మూడేనన్నావు. ఇంక నేను అంటే ఇద్దర్లో ఒకళ్లు అబద్ధమాడినట్టే కదే. పై నెల్లో నీకు బాప్తిస్మం. అమ్మ తెల్లబట్టలు కుట్టించింది. నిన్ను కూడా ఆపేస్తారనిపించింది. నేనెలాగూ బడి ఎగ్గొట్టే వెధవనే."

"ముప్పై ఏళ్లు అన్నయ్యా!"

"ముప్పై ఏళ్లని ఎవరనుకున్నారు? రెండ్రోజుల్లో నువ్వే చెప్పేస్తావనుకున్నాను. తరవాత బాప్తిస్మం అయ్యేక చెబుతావనుకున్నాను. తరవాత అనుకోడం మానేసేను."

కోపంగా అనలేదు. ఇంజను ఎందుకు ఆగిపోయిందో ఎవరికో చెబుతున్నట్టు చెప్పాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

రేపు నేను లేచి చెబుతానన్నాను. ఒక్కసారిగా మొహం మారిపోయింది.

"వద్దు. నీకు దణ్ణం పెడతాను. ఆడోళ్లు లేచి మాట్లాడితే ఊరుకుంటారా అక్కడ? గొడవయిపోద్ది. పెళ్లివారు ఏమనుకుంటారు? సుస్మిత పెళ్లి ఆగిపోతే నువ్వూ నేనూ ఏం చేసుకుంటాం ఈ నిజాన్ని? ఒక్క నిమిషం, ఒప్పేసుకుంటాను. అయిపోద్ది."

"చెయ్యని పని చేసేనని చెప్పగలవా?"

"పొద్దుట నుంచి ఇంజను దగ్గర అదే అనుకుంటున్నాను. నోరు తిరగట్లేదు" అన్నాడు, ఇటు చూడకుండా.

పైనుంచి ఎవరో పిలిచారు. వెళ్లిపోయాడు.

నాన్నగారు నాతో మాట్లాడి రెండు రోజులయింది. కంచం గదిలోకే తెప్పించుకుంటున్నారు.

16 ఫిబ్రవరి, ఆదివారం

రాత వంకరగా వస్తోంది. రానీ.

మా మందిరంలో ఆడవాళ్లు పాటలో గొంతు కలుపుతారు. అంతే. ముసుగు వేసుకుని కూర్చుంటాం, ఆమెన్ కూడా మనసులోనే అనుకుంటాం. ప్రార్థన గానీ సాక్ష్యం గానీ మగవాళ్లదే. నా నలభై మూడేళ్లలో ఒక్క ఆడ గొంతు అక్కడ విడిగా వినపడలేదు.

రెండు పాటలయ్యాక ఎబినేజర్ గారు లేచి, "సహోదరుడు సాలమోను గారు ఒక మాట చెబుతారు" అన్నారు. అన్నయ్య ఆఖరి బల్ల దగ్గర లేచాడు. గొంతు సవరించుకున్నాడు. రాసుకొచ్చిన కాగితం జేబులోంచి తీశాడు. సుస్మిత నా పక్కనే ఉంది, తల దించుకుంది. ముందు పెద్దల కుర్చీలో నాన్నగారు కర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నారు.

లేచాను. ఎలా లేచానో తెలియదు.

"ఆయన చెయ్యలేదండి" అన్నాను.

అందరి తలలూ ఒక్కసారి ఇటు తిరిగాయి. ఎబినేజర్ గారు, "అమ్మా, కూర్చోండి. ఇది పద్ధతి కాదండి" అన్నారు.

"కూర్చోనండి" అన్నాను. "ఒప్పుకోలు కావాలన్నారు కదండీ మీరు. తప్పు నాది. నేను ఒప్పుకుంటాను."

క్లాసులో అరిచే గొంతే వచ్చింది, ఇంకోటి నాకు లేదు. మొత్తం చెప్పాను. అయిదున్నర, అరుగు, బొమ్మ, మూడో బెల్టు. ఆటల సంగతి సగం మందికి అర్థమయుండదు. ముత్యాలు సంగతి మా ఇంటికి తెలియకముందే అన్నయ్య నాకు చెప్పాడన్నది మాత్రం అందరికీ అర్థమయింది. చూడని ఆటలో గది లేదని సాక్ష్యం చెప్పానని చెప్పాను. తెలిసే చెప్పానని చెప్పాను. కాగితం పొయ్యిలో పెట్టానని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. కుళ్లు అనే అన్నాను అక్కడ కూడా. "ఆ తరవాత నెలలో బాప్తిస్మం తీసుకుని, ముప్పై ఏళ్లుగా రొట్టె తింటున్నానండి. ఆపవలసింది నన్నండి" అన్నాను.

కూర్చున్నాను. సుస్మిత నా చెయ్యి పట్టుకోలేదు, వదిలించుకోనూ లేదు. పెళ్లికొడుకు తండ్రి అటు పక్క రెండో వరసలో బొమ్మలా ఉన్నాడు. ఎక్కడో పసిపిల్ల ఏడ్చింది, తల్లి బయటికి తీసుకుపోయింది. అన్నయ్య కాగితం పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

ఎబినేజర్ గారు నాన్నగారి వైపు చూశారు. అందరూ అటే చూశారు. నాన్నగారు నన్ను చూడలేదు. అన్నయ్యనీ చూడలేదు. బల్ల మీద కప్పిన తెల్లగుడ్డనే చూస్తూ కూర్చున్నారు. నా మీద అరుస్తారనుకున్నాను. లేచి వెళ్లిపోతారనుకున్నాను.

"ప్రార్థన చెయ్యండి ఎబినేజర్ గారూ" అన్నారు.

ఆయన చేశారు. 

పళ్లెం పంచేది కుర్రవాళ్లు. ఇవాళ వాళ్లు ముందుకొచ్చేలోపు నాన్నగారు లేచారు. కర్ర కుర్చీకి ఆనించి, రెండు చేతులతో పళ్లెం ఎత్తారు. ఎవరూ కాదనలేదు. ముందు వరసలవాళ్లు అలవాటుగా చేతులు చాపి వెనక్కి తీసుకున్నారు. కర్ర లేకుండా, మధ్య దారిలో ఒక్కొక్క అడుగే వేసుకుంటూ, నా బల్ల పక్క నుంచే, ఆఖరి దాకా వెళ్లారు. అన్నయ్య ముందు ఆగి పళ్లెం చాపారు.

అన్నయ్య చెయ్యి ముందుకు వచ్చి ఆగిపోయింది. పదహారో ఏట నాలుగు నెలలు తీసుకున్నాడంతే. ఏ చేత్తో తీసుకుంటారో, ఎంత తీసుకుంటారో మరిచిపోయినట్టున్నాడు.

"ఎంత తుంచాలండీ నాన్నగారూ?" అన్నాడు.

ముప్పై ఏళ్ల తరవాత నాన్నగారితో వాడు అన్న మొదటి మాట అది. నాన్నగారు పళ్లెం అన్నయ్య చేతికిచ్చి, తనే తుంచారు. మేమందరం గోరంత తుంచుకుంటాం. ఆయన తుంచింది ఆకలేసిన పిల్లాడికి పెట్టేంత ముక్క. అన్నయ్య నోటికి అందించారు. 

అది నమలడానికి చాలాసేపు పట్టింది. అన్నయ్య నమిలి మింగేదాకా మందిరమంతా కదలకుండా కూర్చుంది.